పెట్టిన ఇటుక తియ్యని మేస్త్రి

మా బావని అందరూ రసమట్టం అని పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయన వెంటనే పలకడు కూడా, ఎవర్నో పిలుస్తున్నారనుకుంటాడు. రసమట్టం అంటే గోడ సమంగా వచ్చిందో లేదో చూసే పట్టీ. మధ్యలో గాజు గొట్టం, అందులో రసం, రసంలో ఒక బుడగ. బుడగ నడిమధ్యన నిలబడితే పని బాగున్నట్టు. పక్కకి జారితే మేస్త్రి పరువు కూడా పక్కకి జారినట్టే.

ఆ పట్టీ ఎప్పుడూ ఆయన వెనక జేబులో ఉంటుంది. పని దగ్గరే వాడితే బాగానే ఉండేది. టీ కొట్టు బల్ల మీద పెట్టి చూస్తాడు. బస్సు కోసం నిలబడితే బెంచీ మీద పెట్టి చూస్తాడు. మా ఆవిడ పురుడు పోసుకున్నప్పుడు ఆస్పత్రికి వచ్చి, బిడ్డని చూడకముందే మంచం పట్టె మీద పెట్టి చూశాడు. "తలవైపు వాలుంది. చంటిదానికి రక్తమంతా తలకెక్కుతుంది" అని నర్సుతో పెద్ద గొడవ. ఆ నర్సు చివరికి మంచం కోడు కింద అట్టముక్క మడిచి పెట్టాకే ఊరుకున్నాడు. అప్పుడు ఆ మంచం మీద ఉన్నదే మా అమ్మాయి. ఇక్కడ చెప్పబోయే గొడవలో సగం దానిది, సగం ఆయనది. మధ్యలో నలిగింది నేను. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ రోజు మధ్యాహ్నం నా గుండె ఎక్కడ కొట్టుకుందో నాకే తెలీదు.

ఆయన మా ఆవిడకి స్వయానా అన్న. తాపీ మేస్త్రి. నేను ఆయన కింద సిమెంటూ ఇసకా మాలు కలుపుతాను, ఇటుకలు అందిస్తాను. పెళ్ళికి ముందు నుంచీ అదే పని, అంటే ఆయన నన్ను ముందు కూలీగా చూశాడు, తర్వాత బావమరిదిగా ఒప్పుకున్నాడు. నా నడుము ఇప్పుడు నా మాట వినదు. ఆయన నడుము మాత్రం ఆయన పట్టీలాగే నిటారుగా ఉంటుంది. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. పొద్దున టీ దగ్గర్నుంచి రాత్రి భోజనం దాకా మా ఇంట్లోనే. పడుకోవడానికి మాత్రం రెండు వీధుల అవతల తన గదికి పోతాడు. "చెల్లెలి ఇంట్లో తిండి మర్యాద, పడక కాదు" అంటాడు. ఆ గదికి ఇప్పటికీ లోపల పూత లేదు. ఊరందరి గోడలూ నున్నగా చేసే మనిషి తన గోడ దగ్గరికొచ్చేసరికి ఇటుకల పళ్ళు చూసుకుంటూ పడుకుంటాడు.

ఆయనకి ఒక పట్టింపు ఉంది. పెట్టిన ఇటుక తియ్యడు. మాలు పరిచి, ఇటుక పెట్టి, తాపీ వెనకతో రెండు దెబ్బలు వేశాడంటే అయిపోయింది, ఆ ఇటుక ఇక అక్కడిదే. "కదిపితే పట్టు పోతుంది. పట్టు పోయాక ఎంత మాలు పూసినా అది అతుకే" అని వాళ్ళ నాన్న చేతి మీద కొట్టి మరీ నేర్పించాడట. అందుకే పెట్టే ముందే పది రకాలుగా చూసుకుంటాడు. ఒకసారి పెద్ద ఇల్లొకటి కడుతున్నప్పుడు యజమానులు మనసు మార్చుకున్నారు, కిటికీ జానెడు పక్కకి జరపాలన్నారు. పాపం వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం. బావ తాపీ కడుక్కుని, గుడ్డలో చుట్టుకుని, "విప్పేవాళ్ళని పిలుచుకోండి. నేను కట్టేవాణ్ణి" అని మెట్లు దిగి వచ్చేశాడు. ఆయన వెనక నేనూ దిగాల్సి వచ్చింది. మళ్ళీ పని దొరికేదాకా మా ఇంట్లో వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు కాస్త ఎక్కువగానే వినబడింది.

అలాంటి మనిషి ముందు మా అమ్మాయి ఒకరోజు కంచం ముందు కూర్చుని, సినిమా కోర్సులో చేరతానంది.

"సినిమా తీయడం నేర్పిస్తారమ్మా. కథ రాయడం, కెమెరా, సౌండు, ఎడిటింగు. డిగ్రీయే, మూడేళ్ళు."

"అంటే నువ్వు తెర మీద కనబడతావా?" అంది మా ఆవిడ. భయపడిందో సంబరపడిందో నాకు అర్థం కాలేదు.

"కనబడను. వెనక పని."

బావ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "కథ చెప్పడానికి కాలేజీ దేనికే? మీ అమ్మమ్మ ఏ కాలేజీకి పోయింది? ఎదురింటి గొడవ ఆవిడ చెప్పడం మొదలుపెడితే వీధి వీధంతా పొయ్యి మీద కూర మర్చిపోయేది. ఎన్ని ఇళ్ళల్లో మాడిందో."

"మరి గోడ కట్టడం నీకు పుట్టుకతోనే వచ్చిందా మావయ్యా? తాతయ్య దగ్గర ఎన్నేళ్ళు తాపీ కడిగావ్?"

ఆయన ముద్ద నమిలాడు. చాలాసేపు నమిలాడు. తర్వాత నావైపు తిరిగి, "పంపించు బావా. దీని నోరు మనం ఎలాగూ కట్టలేం. ఏదో ఒక పనికి వాడుకోనీ" అన్నాడు.

నేను బడి మానేసింది చిన్నప్పుడే. కాలేజీ అంటే నాకు బయటి గోడే తెలుసు, ఒక కాలేజీకి మేమే కట్టాం గనక. అందుకని అది వచ్చి చెప్పేవన్నీ వింటూ కూర్చునేవాణ్ణి. మొదటి ఏడు వేళ్ళతో చదరం చేసి అందులోంచి మమ్మల్ని చూడ్డం నేర్చుకుంది. రెండో ఏడు వాళ్ళమ్మ గిన్నె మీద మూత పెడుతుంటే "అమ్మా, ఆ చప్పుడు మళ్ళీ ఒకసారి" అని ఫోను దగ్గర పెట్టి రికార్డు చేసింది. "పిచ్చి పట్టిందా?" అంటూనే మా ఆవిడ జుట్టు సర్దుకుని మరీ మూత పెట్టింది. మూడో ఏడు చివర్లో ఎవరి సినిమా వాళ్ళు తీసి చూపించాలి. చిన్నదే, టీ తాగేలోపు అయిపోయేంత. కానీ దాన్ని కాలేజీవాళ్ళు ఒప్పుకుంటేనే డిగ్రీ. ఒప్పుకోకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఈలోపు ఒక ఎడిటింగు స్టూడియోలో సహాయకురాలి పని దానికి మాట ఇచ్చి ఉంచారు. ఈ ఏడు పాసైతేనే ఆ పని. లేకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటామన్నారు. నాకు సినిమా సంగతి తెలీదు గానీ ఆ మాట బాగా తెలుసు. ఒక రోజు రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకునే పనులే నేను జీవితమంతా చేసింది.

మా అమ్మాయి రాసుకున్న కథ ఇది. పక్కపక్క ఇళ్ళల్లో అన్నదమ్ములు. మాటల్లేవు. మధ్య గోడ ఒకచోట పడిపోయింది. అయినా రోజూ పొద్దున అన్న ఆ ఖాళీలోంచి టీ గ్లాసు చాపుతాడు, తమ్ముడు మాట్లాడకుండా అందుకుంటాడు. ఒకరోజు పంతానికి పోయి ఇద్దరూ మేస్త్రిని పిలిచి ఖాళీ మూసెయ్యమంటారు. మేస్త్రి ఛాతీ ఎత్తుదాకా కట్టి, ఆ టీ గ్లాసు చూసి, పని ఆపేసి వెళ్ళిపోతాడు. అంతే.

వాళ్ళకి కథ రాయడం నేర్పే మేడమ్ అది చదివి, "అన్నీ బాగున్నాయి. మేస్త్రి ఎందుకు ఆగాడు? నాకు నమ్మబుద్ధి కావడం లేదు" అందట. మా అమ్మాయి మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది.

"మీ మేడమ్ చెప్పింది రైటే" అన్నాడు బావ. "సగం గోడ వదిలేసి పోయే మేస్త్రి ఈ భూమ్మీద పుట్టలేదు."

"కథలో పుట్టాడు మావయ్యా."

"అయితే ఆ పుట్టినవాణ్ణే పెట్టుకుని తీసుకో."

అలాగే చేద్దామని కాలేజీ నాటకాల్లో వేసే ఒకతన్ని తీసుకొచ్చింది. అతను తాపీ పట్టుకున్న తీరు చూసి బావ లేచి వచ్చాడు. "అది తాపీయా, పాయసం గరిటా? ఇలా ఇవ్వవయ్యా" అని లాక్కున్నాడు. ఆ రకంగా మా బావ సినిమాలో చేరాడు. అన్నగా మా వీధి చివర టైలర్ ఒప్పుకున్నాడు. తమ్ముడు నేను. నాకు మాటలేం లేవు, గ్లాసు అందుకోవడమే పని. అది కూడా చెడగొడతానని మా ఆవిడ పందెం కాసింది.

గోడ మా అద్దె ఇంటి వెనకాలే ఉంది. మొన్నటి వానకి రెండు స్తంభాల మధ్య భాగం కూలిపోతే, కట్టిపెట్టమని ఇంటి ఓనరు ఇటుకలూ సిమెంటూ దింపించాడు. "ఎలాగూ కట్టాలి కదా, కట్టేటప్పుడు మేం తీసుకుంటాం" అని మా అమ్మాయి అడిగింది. "నాకు గోడ కావాలి, మీరు తీసుకుంటారో తోముకుంటారో నాకెందుకు?" అన్నాడాయన.

ఆ రోజు పొద్దున్నే ముగ్గురూ దిగారు. మా అమ్మాయి, కెమెరా పట్టే పిల్ల, చెవులకి పెద్ద డిప్పలు పెట్టుకుని సౌండు తీసుకునే కుర్రాడు. అతన్ని బావ అక్కడికక్కడే డిప్పాయన అని పిలవడం మొదలుపెట్టాడు. కెమెరా కాలేజీది. సాయంత్రం స్టోరు మూసేలోగా తిరిగి ఇచ్చెయ్యాలి, మర్నాడు వేరే వాళ్ళ వంతు. అంటే ఉన్నది ఆ ఒక్క రోజే.

"యాక్షన్" అంది మా అమ్మాయి. బావ మాలు పరిచి ఇటుక పెట్టాడు. రెండు దెబ్బలు వేశాడు.

"బాగుంది మావయ్యా. ఇంకోసారి."

ఆయన ఇంకో ఇటుక తీసుకుని దాని పక్కన పెట్టాడు.

"అది కాదు, అదే ఇటుక మళ్ళీ."

"అదే ఇటుక ఎలా? అది పెట్టేశాను."

"తీసి మళ్ళీ పెట్టు."

ఆయన తాపీ కింద పెట్టాడు. నాకు ఆ పెద్ద ఇంటి మెట్లు గుర్తొచ్చాయి. "అమ్మాయ్, ఆయన తియ్యడు. ఇటుకలు చాలా ఉన్నాయి, నువ్వు అడుగుతూ ఉండు, ఆయన పెడుతూ ఉంటాడు" అన్నాను.

అలా టేకుకో ఇటుక చొప్పున గోడ లేవడం మొదలైంది. కెమెరా పిల్ల తల పట్టుకుంది. "ఇందాక తీసిన దాంట్లో గోడ మోకాలి దాకా ఉంది, ఇప్పుడు తొడ దాకా వచ్చింది. ఈ రెండూ ఎలా అతుకుతాయే?" అంది. మా అమ్మాయి కాసేపు గోళ్ళు కొరికి, ఉత్త చేతులతో రెండు మూడుసార్లు చేయించి చూసుకుని, అప్పుడు ఒకే ఒక్కసారి ఇటుకతో తీయడం మొదలుపెట్టింది. తర్వాత స్తంభం మీద ఛాతీ ఎత్తులో సుద్దముక్కతో గీత గీసింది. "ఇక్కడిదాకా మావయ్యా. ఈ గీత దాటకూడదు." "సరే తల్లీ" అన్నాడు. దాటలేదు కూడా.

టైలరు అవతలి వైపు నిలబడి "తమ్ముడూ, టీ" అని గ్లాసు చాపడం కూడా పొద్దునే తీసేశారు. గ్లాసు పట్టుకోవడంలో ఆయన ఎంత లీనమైపోయాడంటే, నిజం తమ్ముడితో కూడా ఎప్పుడూ అంత ముద్దుగా మాట్లాడి ఉండడు. అంతా అయ్యాక డిప్పాయన చెయ్యెత్తి, "అందరూ కదలకుండా, మాట్లాడకుండా ఉండండి. సైలెన్స్ తీసుకోవాలి" అన్నాడు.

"ఏం తీసుకోవాలి?" అన్నాడు బావ.

"ఏ చప్పుడూ లేనిది. ప్రతి చోటుకీ ఒక నిశ్శబ్దం ఉంటుంది మావయ్యా. మాటల మధ్యలో అది వెయ్యాలి, లేకపోతే వినేవాళ్ళకి గుంటలో పడ్డట్టు ఉంటుంది."

బావకి అది ఎందుకో బాగా నచ్చింది. ఇటుకకీ ఇటుకకీ మధ్య మాలు లాంటిదా అని గుసగుసగా అడిగాడు. "మాట్లాడకండి" అని తిట్టించుకున్నాడు. అందరం బొమ్మల్లా నిలబడ్డాం. మాలు తట్టలోంచి నీళ్ళ చుక్క పడిన శబ్దం వినబడింది.

మధ్యాహ్నానికి మిగిలిందల్లా నా మొహం. సాయంత్రపు ఎండ వాలినప్పుడు గోడ ఇవతల నేను నిలబడి గ్లాసు అందుకోవాలి. అదే ఆఖరు. బ్యాటరీ కూడా అయిపోతోంది, ఛార్జింగు పెట్టాలి. "మావయ్యా, నీ పని అయిపోయింది. రెస్టు తీసుకో" అంది మా అమ్మాయి. భోజనానికి అందరం ఇంట్లోకి వెళ్ళాం. బావ రానన్నాడు. "మీరు తినండి, పనిముట్లు కడుక్కుని వస్తా."

మేం తిన్నాం. బ్యాటరీ ఎక్కేదాకా మా ఆవిడ ఆ పిల్లలకి మా అమ్మాయి చిన్నప్పటి కథలు చెప్పింది. బావ రాలేదు. ఆకలి వేస్తే ఆయనే వస్తాడులే అనుకున్నాం.

బయటికొచ్చి చూస్తే గోడ అయిపోయి ఉంది.

సగం కాదు, మొత్తం. నా తలకి పైన ఇంకో మూడు వరసలు. స్తంభం నుంచి స్తంభానికి దారం పట్టినట్టు, అతుకులు గీరి, కింద ఊడ్చి మరీ. బావ కుళాయి దగ్గర తాపీ కడుగుతున్నాడు.

"చూడు, ఎంత నీటుగా వచ్చిందో" అన్నాడు నాతో. "మాలు బోలెడు మిగిలిపోయింది బావా. ఎండకి పట్టేస్తే పారబొయ్యాలి. నా పని అయిపోయిందంది కదా, ఇక గోడతో వాళ్ళకి పనేముంది? ఎలాగూ కట్టాల్సిందే అని కట్టేశా."

కెమెరా పిల్ల అలాగే గడప మీద కూర్చుండిపోయింది. డిప్పాయన మెడలోంచి డిప్పలు తీసేశాడు.

"గీత గీశాను కదా మావయ్యా" అంది మా అమ్మాయి.

"గీత చెరపలేదమ్మా, అదిగో, స్తంభం మీదే ఉంది."

అప్పుడు నేను చెప్పాను, ఇంకా నా మొహం తీయాల్సి ఉందని, దానికి గోడ ఛాతీ ఎత్తే ఉండాలని, సాయంత్రం కెమెరా పోతుందని. చెబుతుంటే ఆయన మొహంలోంచి రక్తం దిగిపోవడం కనబడింది. నేను ఆయన్ని పరంజా మీంచి పడినప్పుడు చూశాను, భార్యని సాగనంపి వచ్చినప్పుడు చూశాను. ఇలా చూడలేదు. ఆయన ఏమీ అనకుండా పనిముట్ల సంచిలోంచి సుత్తి తీశాడు.

సరిగ్గా అప్పుడే, ఈ గొడవేం తెలియని టైలరు భోజనం చేసి వచ్చి, అటునుంచి అటే వెళ్ళి గోడ అవతల తన చోటులో నిలబడ్డాడు. గ్లాసు కూడా తెచ్చుకున్నాడు పాపం. గోడవతల నుంచి ఉత్త గొంతు వినబడింది.

"తమ్ముడూ, టీ."

అవతల గ్లాసు గోడకి తగిలిన చప్పుడైంది.

"తమ్ముడూ? ఉన్నావా? ఇదేంటిది, ఎటు చాపాలి నేను?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా అమ్మాయి మాత్రం చెయ్యెత్తి అందర్నీ ఆగమంది. గోడనే చూస్తోంది. చిన్నప్పుడు లెక్క తేలనప్పుడు ఇలాగే కళ్ళు చికిలించేది.

"సుత్తి వద్దు మావయ్యా, కింద పెట్టు. నాకొకటి చెప్పు. సగంలో ఎందుకు ఆపలేదు నువ్వు?"

"తప్పైపోయిందమ్మా..."

"తప్పు సంగతి కాదు. ఎందుకు ఆపలేదు?"

ఆయన సుత్తి కింద పెట్టాడు. "సగంలో ఆపడం నాకు చేతకాదే."

"ఆ కథలో మేస్త్రికీ చేతకాదు. మేడమ్ అడిగింది అదే, నాకే తట్టలేదు. వాడు ఆగడు, పూర్తిగా కడతాడు. నీలాగే నీటుగా, ఊడ్చి మరీ. పనిముట్లు కడుక్కుంటూ ఉంటాడు. అప్పుడు గోడవతల నుంచి ఈ మాట వింటాడు." మళ్ళీ గోడవైపు తిరిగి, "టైలరు బాబాయ్, ఇంకోసారి అనండి" అని అరిచింది.

"తమ్ముడూ, టీ. చల్లారిపోతోందిరా బాబూ!"

"విన్నావా? ఇప్పుడు చెప్పు. నువ్వు కట్టిన గోడ. అవతల ఆయన పిలుస్తున్నాడు. నువ్వైతే ఏం చేస్తావ్?"

బావ గోడ దగ్గరికి వెళ్ళాడు. పై వరస మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఎండ అప్పుడే పచ్చబడుతోంది. మా ఆవిడ ఆయన కోసం కంచం పట్టుకుని వచ్చి, ఏం జరుగుతోందో అర్థం కాక నా పక్కన ఆగిపోయింది. నేను మనసులో ఆ మెట్లే చూస్తున్నాను, తాపీ గుడ్డలో చుట్టుకుని దిగిపోయిన మనిషినే చూస్తున్నాను. ఇప్పుడు కూడా ఈయన దిగిపోతే నా కూతురి ఏడాది పోయినట్టే. నేను అడగలేను. అడిగితే ఆ గోడ మా ఇద్దరి మధ్యా మిగిలిపోతుంది.

"మాలు ఇంకా తడిగానే ఉంది" అన్నాడు బావ, ఎవరితోనో అన్నట్టు.

"అన్నయ్యా, నువ్వు ఇటుక తీయడమేంటి?" అంది మా ఆవిడ.

"నువ్వుండవే."

మా అమ్మాయి కెమెరా పిల్లకి సైగ చేసింది. "మావయ్యా, ఇంకోసారి అని ఒక్కసారి కూడా అనను. నువ్వు ఆగేదాకా మేం ఆగం."

ఆయన ముందు కుళాయి దగ్గరికి వెళ్ళి తాపీ కడిగాడు. టైలరు మూడోసారి పిలిచాడు. ఈసారి ఎలా పిలిచాడో ఏమో, అందులో నిజంగానే ఒక అన్న ఉన్నాడు. కడుగుతున్న చెయ్యి ఆగింది. వచ్చి, మూలన ఉన్న పై ఇటుక కింద తాపీ కొస దూర్చి, పిల్లాడి నోట్లోంచి చాక్లెట్ తీస్తున్నంత నిదానంగా లేపాడు. చిన్న చప్పుడుతో అది వచ్చేసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. డిప్పాయన ఆ చప్పుడు కోసం దాదాపు గోడలో దూరిపోయాడు.

తీసిన ఇటుకని ఆయన పక్కన పడెయ్యలేదు. నాలుగు వైపులా మాలు గీకి, తడిగుడ్డతో తుడిచి, కింద పేర్చాడు. ఇంకోటి. ఇంకోటి. కట్టేటప్పుడు ఎంత శ్రద్ధో విప్పేటప్పుడూ అంతే. వరస తర్వాత వరస దిగుతుంటే అవతలి నుంచి ముందు టైలరు జుట్టు కనబడింది, తర్వాత కళ్ళజోడు, తర్వాత మొత్తం మొహం. సుద్ద గీత దగ్గరికి రాగానే బావ చెయ్యి దానంతట అదే ఆగింది. ఆయన పక్కకి తప్పుకున్నాడు. టైలరు గ్లాసు చాపాడు.

నేను వెళ్ళి నిలబడాలి. ఎలా నడవాలో, మొహం ఎలా పెట్టాలో వారం నుంచి అమ్మాయి చెబుతూనే ఉంది. ఒక్కటీ గుర్తు రాలేదు. వెళ్ళాను, అందుకున్నాను, తాగాను. టీ మంచులా చల్లగా ఉంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఊపిరంతా ఒక్కసారి బయటికొచ్చింది, కళ్ళు చెమ్మగిల్లాయి. అది యాక్టింగు కాదని నాకు తెలుసు, మా ఆవిడకి తెలుసు.

"కట్" అంది మా అమ్మాయి. అని వాళ్ళ మావయ్య మెడ పట్టుకుని వేలాడింది. ఆయన సిమెంటు చేతులు రెండూ గాల్లో పెట్టుకుని, "బట్టలే, బట్టలే!" అని అరుస్తున్నాడు. కెమెరా పిల్లా డిప్పాయనా పెట్టెలు సర్దుకుని పరుగో పరుగు. స్టోరు తాళం వేస్తుండగా వెళ్ళి పడ్డారట.

కాలేజీ హాల్లో సినిమాలు వేసిన రోజు మమ్మల్నీ పిలిచారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కూర్చోగానే కుర్చీ చేతి మీద పట్టీ పెట్టి చూడబోతే మా ఆవిడ లాక్కుని సంచిలో వేసుకుంది. లైట్లు ఆర్పారు. తెర మీద ఆయన గోడ లేచింది. ఒకచోట మాటలేవీ లేవు, సంగీతమూ లేదు. నీళ్ళ చుక్క పడిన చప్పుడు వినబడింది.

"మన తట్టే!" అన్నాడు బావ పైకే. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగారు.

ఆయన మొదటి ఇటుక లేపేచోటు వచ్చింది. నేను తెర చూడలేదు, ఆయన్ని చూశాను. ఆయన తల పక్కకి వంచి చూస్తున్నాడు. నా చెవిలో, "గోడ ఎడమకి వాలినట్టు లేదూ?" అన్నాడు.

"గోడ కాదు మావయ్యా, కెమెరా" అంది వెనక నుంచి కెమెరా పిల్ల, సిగ్గుపడుతూ.

"చెప్పొద్దూ! పట్టీ ఇచ్చి ఉండేవాణ్ణి కదా."

అందరివీ అయ్యాక పాసైనవాళ్ళ పేర్లు చదివారు. మా అమ్మాయి పేరు విన్నాక మిగతావేవీ నాకు వినబడలేదు. పది బస్తాలు మోసి దించాక ఒళ్ళు ఎలా తేలిపోతుందో అలా తేలిపోయింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే, గ్లాసు బాగానే పట్టుకున్నావులే అంది. పందెం ఓడిపోయినట్టు ఒప్పుకోవడం ఆవిడకి అంతవరకే వచ్చు.

కథ మేడమ్ మా దగ్గరికొచ్చింది. మేస్త్రిని ఇప్పుడు నమ్మానని మా అమ్మాయికి చెప్పింది. తర్వాత బావ వైపు తిరిగి, "మీరు ఇటుక పెడితే తియ్యరట కదా. మరి ఆ రోజు ఎలా తీయగలిగారు?" అని అడిగింది.

బావ చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. "తడి ఉంది మేడమ్, వచ్చేసింది. తెల్లారి ఉంటే నావల్ల అయ్యేది కాదు."

మర్నాడు పొద్దున ఇంటి ఓనరు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. "సినిమా అయిపోయిందట, పాసు కూడా అయిందట. సంతోషం. నా గోడ ఎప్పుడు?"

మళ్ళీ తీయాల్సొస్తుందేమోనని మా అమ్మాయి అప్పటిదాకా ఆ గోడ ముట్టుకోనివ్వలేదు. మాలు కలిపాను. గీకి పేర్చిన ఇటుకలు అలాగే ఉన్నాయి, బావ వాటినే తీసుకున్నాడు. స్టూడియోలో చేరడానికి ఇంకా రెండు రోజులున్నాయని మా అమ్మాయి నా పక్కన కూర్చుని ఇటుకలు అందించింది. నా నడుముకి అంత సుఖం ఎన్నేళ్ళకి దొరికిందో. గోడ సుద్దగీత దాటింది, టైలరు కళ్ళజోడు దాటింది. బావ ఆఖరి ఇటుక పెట్టి, రెండు దెబ్బలు వేసి, పైన పట్టీ ఆనించాడు. బుడగ నడిమధ్యకి వచ్చి నిలబడింది.

"మావయ్యా" అంది మా అమ్మాయి, వేళ్ళతో చదరం చేసి అందులోంచి చూస్తూ. "బాగుంది. ఇంకోసారి."

ఆయన తాపీ ఎత్తాడు. అమ్మాయి అప్పటికే ఇంట్లోకి పరిగెత్తింది.